తొంభై శాతం అంటే ఎందులో తొంభై?

మా పిన్ని కూతురు పోయిన నెల ఒక రాత్రి పది దాటాక ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయికి పద్నాలుగేళ్ళు. సికిల్ సెల్ జబ్బు, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయేది. ఆ వారమే ఒళ్ళంతా నొప్పులతో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. "అన్నయ్యా, జీన్ ఎడిటింగ్ చేయిస్తే ఇక ఈ నొప్పులు రావట కదా. తొంభై శాతం పైనే కరెక్టుగా పని చేస్తుందని చదివాను. నువ్వు ఇన్నేళ్ళుగా ఆ పనే చేస్తున్నావు కదా, నమ్మొచ్చా?" అంది.

నమ్మొచ్చమ్మా అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. తను చదివిన తొంభై, జవాబు చెప్పేటప్పుడు నా మనసులో మెదిలిన తొంభై ఒకటి కాదని అప్పుడు తట్టింది.

తను చదివింది క్యాస్‌జెవీ గురించి, అంటే సికిల్ సెల్ రోగి మూలకణాల్ని బయటికి తీసి, ఎడిట్ చేసి, తిరిగి ఎక్కించే చికిత్స గురించి. 2023 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చేనాటికి, తగినంత కాలం గమనించిన 31 మంది రోగుల్లో 29 మందికి వరసగా కనీసం 12 నెలల పాటు తీవ్రమైన నొప్పి రాలేదు. అంటే 93.5 శాతం. నా మనసులో మెదిలింది వేరే లెక్క. కణాల్లోకి క్రిస్పర్‌ని, అంటే డీఎన్‌ఏని కోరిన చోట కోసే కత్తెర లాంటిదాన్ని, పంపాక, కోత పడాల్సిన చోట చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో ఎన్నిట్లో మార్పు కనిపించింది అన్నది. ల్యాబులో మేం "ఎఫిషియెన్సీ తొంభై వచ్చింది" అని చెప్పుకునేది దాని గురించే. ఇక "కరెక్టుగా" అన్న మాటతో మా చెల్లి అసలు అడిగింది మూడోది. నా కొడుకు ఒంట్లో ఇంకేదీ చెడదు కదా అని. మొదటి రెండు లెక్కలూ ఎంత బాగున్నా ఈ మూడోదానికి జవాబు వాటిలో లేదు.

అప్పటి నుంచి ఇదే ఆలోచన. గత పదేళ్ళలో కత్తెర చాలా మెరుగుపడింది, కానీ అది చేసిన పనిని కొలిచే తీరు అంత వేగంగా మెరుగుపడలేదు. జీన్ ఎడిటింగ్ ఇంకా ఖచ్చితంగా, ఇంకా సమర్థంగా జరగాలంటే ఇప్పుడు డబ్బు, బుర్ర, గౌరవం ముందుగా వెళ్ళాల్సింది కొలత వైపే అని నా అభిప్రాయం. కొత్త ఎడిటర్, అంటే కొత్త రకం కత్తెర, తయారు చేసినవాళ్ళ పేరు మారుమోగుతుంది. పాత ఎడిటర్ ఏం పాడు చేసిందో ఓపిగ్గా వెతికినవాళ్ళ పేరు ఎంతమందికి తెలుసు?

రెండు శిఖరాలు ఉండాల్సిన చోట ఒకటే

నేను ఈ అభిప్రాయానికి రావడానికి మొదటి కారణం ఒక జెల్ ఫోటో. డీఎన్‌ఏ ముక్కల్ని పొడవుని బట్టి విడదీసి గీతలుగా, అంటే బ్యాండులుగా, చూపించేది జెల్. కొన్నేళ్ళ కిందట మనిషి కణాల్లో, ఒక జన్యువులో, ఒకే ఒక్క అక్షరం మార్చే పనిలో ఉన్నాను. ఎడిట్ చేసిన కణాలను విడదీసి, 96 గుంటల ప్లేటులో గుంటకి ఒక్కటి చొప్పున వేసి మూడు వారాలు పెంచాను. గుంట అడుగున ఒక్కో కణం ఒక్కో చిన్న గుంపుగా పెరిగింది. వాటి డీఎన్‌ఏ తీసి, కోత పడిన చోటు మధ్యలో ఉండేలా నాలుగు వందల అక్షరాల ముక్కని పీసీఆర్‌తో పెంచి, అంటే దానికి లెక్కలేనన్ని కాపీలు తీసి, జెల్ మీద నడిపాను. ఒకే బ్యాండు, గీత గీసినట్టు వచ్చింది. సీక్వెన్సింగుకి పంపితే, తిరిగొచ్చిన గ్రాఫులో నేను మార్చాలనుకున్న అక్షరం దగ్గర ఒకే శిఖరం. అలా ఒకటే ఉందంటే అమ్మ నుంచి వచ్చిన కాపీ, నాన్న నుంచి వచ్చిన కాపీ రెండూ నేను కోరినట్టే మారాయన్నమాట. ల్యాబులో ఉన్నవాళ్ళందరినీ పిలిచి స్క్రీన్ చూపించాను.

మర్నాడు మా దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి అదే గ్రాఫు చూస్తూ, "సార్, ఎడిట్ చేయని కణాల్లో ఇక్కడ రెండు శిఖరాలు ఉన్నాయి. ఇందులో ఒకటే ఉందేంటి?" అని అడిగింది. తను వేలు పెట్టి చూపించింది మేం మార్చిన అక్షరం కాదు. దానికి వంద అక్షరాల అవతల, అమ్మ కాపీలో ఒక అక్షరం నాన్న కాపీలో ఇంకో అక్షరం ఉండే మామూలు తేడా. మేం ముట్టుకోని చోటు. అక్కడ రెండు శిఖరాలూ ఉండి తీరాలి. మరి రెండోది ఎటు పోయింది?

తేలడానికి వారం పట్టింది. ప్రైమర్లను, అంటే పీసీఆర్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కాపీ తీయాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, బాగా దూరం జరిపి ఆరు వేల అక్షరాల ముక్కని పెంచితే, అసలు బ్యాండుకి కింద ఇంకో పొట్టి బ్యాండు వచ్చింది. రెండో కాపీలో కోత పడిన చోట మొదలై రెండు వేల పైచిలుకు అక్షరాలు ఊడిపోయాయి. నా పాత ప్రైమరు అతుక్కోవాల్సిన చోటు కూడా ఆ ఊడిపోయిన ముక్కలోనే ఉంది. అతుక్కోడానికి చోటు లేదు కాబట్టి ఆ కాపీ పీసీఆర్‌లోకే రాలేదు. జెల్ మీదా లేదు, గ్రాఫులోనూ లేదు. బాగున్న కాపీ ఒక్కటే కనపడి రెండూ బాగున్నాయన్న భ్రమ కల్పించింది. అంతకుముందు "మంచివి" అని పక్కన పెట్టుకున్న గుంపుల్ని మళ్ళీ చూస్తే, వాటిలోనూ కొన్నిట్లో ఇదే జరిగింది.

పరీక్ష తప్పిన పిల్లల పేర్లు రిజిస్టరులోంచి తీసేస్తే ఏ బడిలోనైనా నూటికి నూరు శాతం పాసే. నా లెక్క సరిగ్గా అలాగే ఉంది. ఎవరూ మోసం చేయలేదు. దెబ్బ తిన్న కాపీ తనంతట తానే లెక్కలోంచి తప్పుకుంది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే. మామూలు ప్రయోగంలో పొరపాటు జరిగితే ఫలితం చెడిపోతుంది, మనకి అనుమానం వస్తుంది. ఇక్కడ నష్టం ఎంత పెద్దదైతే ఫలితం అంత శుభ్రంగా కనిపిస్తుంది.

2018లో ఇంగ్లండులోని వెల్‌కమ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి అలన్ బ్రాడ్లీ బృందం ప్రచురించిన పేపరు చెప్పింది ఇదే. క్రిస్పర్‌లో కోత పెట్టే ప్రొటీను కాస్9 సరిగ్గా కోయాల్సిన చోటే కోసినా, అతుకు పడేటప్పుడు వేల అక్షరాలు ఊడిపోవడం, ముక్కలు తలకిందులుగా అతుక్కోవడం తరచుగా జరుగుతోందని వాళ్ళు చూపించారు. 2021లో ఇంకొక బృందం, ఆ ఒక్క కోత వల్లే కొన్ని కణాల్లో క్రోమోజోమ్ తునాతునకలై అడ్డదిడ్డంగా అతుక్కోవచ్చని చూపించింది. అప్పటిదాకా మా అందరి టెన్షన్ ఒక్కటే, తప్పు చోట కోస్తుందేమోనని. సరైన చోట కోశాక ఏమవుతోందో అంత దూరం వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ.

పెరిగిందనుకున్న సామర్థ్యం

చీలిన డీఎన్‌ఏని కణం ముఖ్యంగా రెండు దారుల్లో అతుకుతుంది. ఒకటి తొందర దారి: రెండు కొసలూ పట్టుకుని కుట్టేయడం. ఇంకొకటి మనం ఇచ్చిన నమూనా చూసి రాసుకోవడం. మనకి కావాల్సింది రెండోది. కానీ అది కణం విభజనకి సిద్ధమయ్యే దశల్లోనే బాగా నడుస్తుంది, మిగతా సమయమంతా తొందర దారిదే రాజ్యం. అందుకే నమూనా ప్రకారం మార్పు జరిగిన కణాలు ఎప్పుడూ తక్కువే దొరికేవి. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి తల పట్టుకున్నది దీని గురించే.

తొందర దారిని మందుతో మూసేస్తే కణం రెండో దారికి రాక తప్పదు కదా? క్యాన్సర్ చికిత్స కోసం తయారైన ఏజెడ్‌డీ7648 అనే మందు ఆ దారికి అవసరమైన డీఎన్‌ఏ-పీకే అనే ఎంజైమును ఆపుతుంది. దాన్ని కలిపితే సామర్థ్యం అమాంతం పెరిగింది. చాలా ల్యాబులు సంతోషంగా వాడడం మొదలుపెట్టాయి. అప్పట్లో నా చేతికి వచ్చి ఉంటే నేనూ వాడేవాణ్ణే.

2024లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ నుంచి జేకబ్ కార్న్ బృందం, మందు కలిపిన కణాల్ని పొట్టి ముక్కలతో సరిపెట్టుకోకుండా పొడవుగా చదివింది. కొన్నిట్లో వేల అక్షరాలు ఊడిపోయాయి. కొన్నిట్లో క్రోమోజోమ్ చెయ్యి మొత్తం పోయింది. మామూలుగా అందరూ వాడే పొట్టి సీక్వెన్సింగులో ఇవేవీ కనపడవు. అవి కనపడక లెక్కలోంచి జారిపోవడం వల్ల, మిగిలినవాటిలో మంచి మార్పుల శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. అంటే మేం మురిసిపోయిన ఆ పెరుగుదలలో కొంత భాగం నిజంగా పెరిగింది కాదు, కింద ఉన్న హారం తగ్గిపోవడం.

ఆ పేపరు మూడుసార్లు చదివాను. నా పొట్టి బ్యాండు గుర్తొచ్చింది. అయితే నాది ప్లేటులో కణాల సంగతి, తప్పు తెలిశాక పారేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇలాంటి మందుల గురించి ఆలోచించేది మనుషుల ఒంట్లోకి వెళ్ళే కణాల కోసం కూడా. వాటిని తిరిగి తీసి పారేయడం కుదరదు.

ఎవరి జీనోమ్‌తో పోల్చి?

సరైన చోట సంగతి అది. తప్పు చోట్ల సంగతి చూస్తే, అక్కడ కొలత ఇంకోలా జారుతుంది. కాస్9కి ఎక్కడ కోయాలో చూపించే గైడ్‌లో ఉండే ఇరవై అక్షరాలని పోలిన చోట్లు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో ముందుగా కంప్యూటరుతో వెతుకుతాం. దేంట్లో వెతుకుతాం? రిఫరెన్స్ జీనోమ్‌లో, అంటే అందరూ పోలికకి వాడే నమూనా మనిషి డీఎన్‌ఏలో. అందులో దాదాపు 70 శాతం ఒకే ఒక్క వ్యక్తి డీఎన్‌ఏ. ఆయన ఒంట్లో లేని చోటు ఇంకొకరి ఒంట్లో ఉంటే, మన జాబితాలోకి అది రాదు.

ఇది ఊహ కాదు. లూకా పినెల్లో, డేనియల్ బావర్ల బృందాలు తయారుచేసిన క్రిస్పర్‌మీ అనే సాఫ్ట్‌వేర్ రకరకాల మనుషుల జన్యు తేడాలను కూడా కలుపుకుని వెతుకుతుంది. 2023లో వాళ్ళు బీసీఎల్11ఏ అనే జన్యువు మీద పని చేసే గైడ్‌ని, అంటే సికిల్ సెల్ చికిత్సలో వాడుతున్నదాన్నే, అందులో పెట్టి చూశారు. ఒక్క అక్షరం తేడా వల్ల కొత్తగా కాస్9 పట్టుకోగలిగే చోటు ఒకటి బయటపడింది. ఆ తేడా ఆఫ్రికా మూలాలున్నవాళ్ళ జన్యు కాపీల్లో 4.5 శాతంలో ఉంటుంది. రిఫరెన్స్‌లో లేదు. ఆ తేడా ఉన్న కణాల్లో నిజంగానే అక్కడ కోత పడింది.

సికిల్ సెల్ ఎక్కువగా బాధించేది ఆఫ్రికా మూలాలున్నవాళ్ళనే. ఎవరి కోసం మందు చేశారో వాళ్ళలోనే ఎక్కువగా ఉండే తేడా, వెతికే జాబితాలో లేకుండా పోయింది. ఆ చోటు ప్రొటీను రాసే భాగంలో లేదు, దాని వల్ల ఎవరికీ హాని జరిగిందని తేలలేదు, అది కూడా చెప్పాలి. కానీ హాని లేని చోట పడడం అదృష్టం. 2023 అక్టోబరు 31న ఎఫ్‌డీఏ సలహా సంఘం కూర్చుని ముఖ్యంగా చర్చించింది ఈ ఆఫ్-టార్గెట్, అంటే తప్పు చోట్ల కోతల, పరిశీలన సరిపోతుందా లేదా అన్నదే. అదే ఏడాది 47 మంది డీఎన్‌ఏతో మొదటి పాన్‌జీనోమ్, అంటే చాలామంది డీఎన్‌ఏ కలిపిన రిఫరెన్స్, వచ్చింది. ఎక్కువగా ఒక్కరి మీదే ఆధారపడినదాని నుంచి 47 మందికి రావడం పెద్ద అడుగే. అయినా మా మేనల్లుడి డీఎన్‌ఏలో ఉండే తేడాలన్నీ ఆ 47 మందిలో ఉంటాయా?

నన్ను ఆపే ప్రశ్నలు

ఇంత రాశాక నాకే ఎదురు ప్రశ్నలు వస్తున్నాయి. మొదటిది మా సీనియర్ ఒకాయన ఎప్పుడూ అనేది. ప్రతి మనిషీ అమ్మానాన్నల్లో లేని అరవై డెబ్బై కొత్త మార్పులతోనే పుడతాడు, కణం విభజన జరిగిన ప్రతిసారీ ఇంకొన్ని చేరతాయి. క్యాస్‌జెవీ ఇచ్చే ముందు పాత మూలకణాల్ని తుడిచేయడానికి ఇచ్చే బుసల్ఫాన్ మందే డీఎన్‌ఏని దెబ్బ కొడుతుంది. అలాంటప్పుడు ఎడిటర్ దగ్గరే ఇంత పట్టుదల ఎందుకయ్యా అనేవారు.

ఆయన మాటలో బలం ఉంది. నేను చికిత్స ఆపమనడం లేదు. నెలకోసారి నొప్పితో మెలికలు తిరిగే పిల్లాడికి, ఎక్కడో అరుదుగా ఉండే ప్రమాదం పేరు చెప్పి మందు దూరం చేయడం అన్యాయం. కానీ ఒక చిన్న లెక్క చూడండి. ఈ చికిత్సలో కిలో బరువుకి కనీసం 30 లక్షల మూలకణాలు ఎక్కిస్తారు. 50 కిలోల మనిషికి 15 కోట్లు. మామూలు సీక్వెన్సింగులో వెయ్యికి ఒకటి కంటే అరుదైన మార్పు, యంత్రం చేసే తప్పుల్లో కలిసిపోతుంది. వెయ్యికి ఒకటి అంటే 15 కోట్లలో లక్షా యాభై వేల కణాలు. వీటిలో చాలా భాగం కొన్నాళ్ళకి పోయేవే, ఏళ్ళ తరబడి నిలిచే మూలకణాలు కొన్నే. అయినా "ఏమీ కనపడలేదు" అన్న మాట కింద అంత చోటు ఖాళీగా ఉందని రోగికి తెలియాలి కదా. సహజంగా వచ్చే మార్పులతో పోల్చి ధైర్యం చెప్పాలన్నా, మన వైపు ఎన్ని వచ్చాయో ముందు తెలియాలి.

రెండో ప్రశ్న నాకు ఇంకా కష్టమైనది. కొలత కూడా తప్పు చెబుతుంది. 2017లో నేచర్ మెథడ్స్‌లో ఒక చిన్న పేపరు వచ్చింది. క్రిస్పర్ చేసిన రెండు ఎలుకల్లో ఎవరూ ఊహించని మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయని. పెద్ద గగ్గోలు అయింది, ఈ రంగంలోని కంపెనీల షేర్లు పడిపోయాయి. తీరా చూస్తే పోల్చడానికి పెట్టుకున్నది ఒకే ఒక్క ఎలుక, దానికీ ఈ రెండింటికీ పుట్టుకతోనే తేడాలు ఉండి ఉండొచ్చు. 2018లో ఆ పేపరును వెనక్కి తీసుకున్నారు. ఎక్కువ వెతికితే ఎక్కువ భయం మాత్రమే పుడుతుందని అప్పుడు చాలామంది అన్నారు.

దానికి సరైన సమాధానం 2019లో వచ్చింది, నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అందమైన పనుల్లో అదొకటి. ఎలుక పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒక్క కణంలోనే ఎడిటర్ పెట్టారు, దానికి మెరిసే గుర్తు ఉండేలా చూశారు. పిండం పెరిగాక మెరిసే కణాలు ఒక వైపు, మెరవనివి ఒక వైపు వేరు చేసి రెండింటి జీనోములూ చదివారు. అదే పిండంలో సగం ఎడిట్ అయింది, సగం కాలేదు. ఇంతకంటే దగ్గరి పోలిక ఎక్కడ దొరుకుతుంది? అలా చూస్తే తప్పు చోట్ల మార్పుల విషయంలో కాస్9 దాదాపు నిర్దోషిగా బయటపడింది, అడెనిన్ బేస్ ఎడిటర్ కూడా. బేస్ ఎడిటర్ అంటే డీఎన్‌ఏని రెండుగా కోయకుండా ఒక అక్షరాన్ని మార్చేది. కానీ సైటోసిన్ బేస్ ఎడిటర్ మాత్రం గైడ్‌తో సంబంధం లేని చోట్ల, మిగతావాటికంటే ఇరవై రెట్లకి పైగా మార్పులు చేస్తోందని తేలింది. వరిలో చేసిన ఇంకో పని కూడా అదే సంచికలో అదే మాట చెప్పింది. ఆ ఎడిటర్ వచ్చింది 2016లో. మూడేళ్ళు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అందరూ గైడ్‌ని పోలిన చోట్లే వెతికారు. తెలిశాక దాన్ని సరిదిద్దిన కొత్త రకాలు త్వరత్వరగా వచ్చాయి. కొలత బాగుపడ్డాకే కత్తెర బాగుపడింది.

డీఎన్‌ఏ రెండు పోగుల్నీ కోయని బేస్ ఎడిటర్లు, ప్రైమ్ ఎడిటర్లు వచ్చాక నా పొట్టి బ్యాండు లాంటి నష్టాలు బాగా తగ్గాయన్నది నిజం. 2025లో ఎమ్‌ఐటీ వాళ్ళు ప్రైమ్ ఎడిటింగులో ఎక్కువగా వాడే పద్ధతిలో, ఏడు మార్పులకి ఒక తప్పు ఉండేదాన్ని 101కి ఒకటిగా తగ్గించామని ప్రకటించారు. చదివి చాలా సంతోషించాను. వెంటనే నేను వెతికింది మాత్రం ఏ పద్ధతితో లెక్కపెట్టారా అని.

ఇక నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది కేజే అనే పసిబిడ్డ. పుట్టుకతోనే సీపీఎస్1 లోపం, ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే జబ్బు. ఫిలడెల్ఫియాలో రెబెకా ఆరెన్స్-నిక్లస్, కిరణ్ ముసునూరు బృందం ఆ ఒక్క బిడ్డ కోసం ఒక బేస్ ఎడిటర్ తయారుచేసి, ఆరు నెలల్లో అన్ని పరీక్షలూ ముగించి, 2025 ఫిబ్రవరిలో మొదటి డోసు ఇచ్చారు. నేను కోరే కొలతలన్నీ అయ్యేదాకా ఆగి ఉంటే ఆ బిడ్డ ఏమయ్యేవాడు? కాలేయంలో ఎంత శాతం కణాలు మారాయో వాళ్ళు చూడలేదు, ఎందుకంటే అంత చిన్న బిడ్డకి కాలేయం ముక్క తీయడం ప్రమాదం. ప్రొటీను ఎక్కువ తిన్నా తట్టుకుంటున్నాడు, అమ్మోనియా తగ్గించే మందు సగానికి తగ్గించగలిగారు. వాళ్ళ కొలత అదే. అది చదివినప్పుడు నా వాదన కొంచెం మెత్తబడింది. కానీ ఆ ఆరు నెలల్లోనే వాళ్ళు ఆఫ్-టార్గెట్ చోట్లు కూడా వెతికారు. వేగంగా వెతకడం సాధ్యమేనని కూడా ఆ పని చూపించింది.

నేను అడిగేది

పెద్ద కోరిక కాదు. సామర్థ్యం ఇంత శాతం అని రాసిన ప్రతి చోటా, ఎంత పొడవు ముక్కలు చదివారో, ఎంత అరుదైనది కనిపించదో, ఏ జీనోమ్‌తో పోల్చారో అదే వాక్యం పక్కన రాయాలి. పేపరు చివర అనుబంధంలో కాదు. అమెరికాలో కొలతల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీ ఆధ్వర్యంలో 2018 నుంచి ఒక కన్సార్షియం ఈ కొలతలకి ఉమ్మడి ప్రమాణాలు తయారుచేసే పనిలో ఉంది. మెరుపులు లేని పని, వార్తల్లోకి రాని పని. కొత్త ఎడిటర్లకి వచ్చే నిధుల్లో కొంత వాటా ఇలాంటి చోటికి చేరాలి. ల్యాబుల్లో కూడా, ఆ రోజు "ఒకటే ఉందేంటి?" అని అడిగిన అమ్మాయి లాంటివాళ్ళకి పేపరులో పేరు ఉండాలి. మా దగ్గర ఉండేలా చూశాను.

పోయిన ఆదివారం నేనే చెల్లికి ఫోన్ చేశాను. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగమన్నాను. "ఆగన్నయ్యా, పెన్ను తెచ్చుకుంటా" అని రాసుకుంది. తప్పు చోట కోత ఎలా వెతికారు? ఎవరెవరి డీఎన్‌ఏతో పోల్చి వెతికారు? చికిత్స తర్వాత ఎన్నాళ్ళు చూస్తూ ఉంటారు?

నిన్న వెళ్ళొచ్చి చెప్పింది. మొదటి రెండింటికీ డాక్టరు గారు కంపెనీని కనుక్కుని చెబుతానన్నారట, చీటీ అడిగి తీసుకున్నారట. మూడోదానికి పదిహేనేళ్ళు అన్నారట. ఎఫ్‌డీఏ సూచించేది కూడా అదే. పక్కనే ఉన్న అబ్బాయి ఫోన్ తీసుకుని, "మామయ్యా, అప్పటికి నాకు ఇరవై తొమ్మిదొస్తాయి" అన్నాడు.